రివర్స్ వేస్తే బండి ఆలోచించుకుంటోంది: 2010 జర్మన్ సెడాన్, గేర్‌బాక్స్ మొత్తం మార్చమంటున్నారు

తెల్లకారు_తిప్పలు
పొద్దున్నే బండి గేటులోంచి వెనక్కి తీద్దామని రివర్స్ వేస్తాను. ఏమీ జరగదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకునేసరికి కింద ధబ్‌మని ఒక దెబ్బ, అప్పుడు కదులుతుంది. ఎదురింటి పెద్దాయన పేపర్ పక్కన పెట్టి మరీ చూస్తున్నారు ఈ తంతు.

బండి 2010 మోడల్, మూడు లీటర్ల డీజిల్, ఆరు గేర్ల ఆటోమేటిక్. ఢిల్లీ బండి. రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక బ్రోకర్ దగ్గర 8.25 లక్షలకు కొన్నాను, ఇక్కడ కట్టిన లైఫ్ ట్యాక్స్ అదనం. కొన్నప్పుడు మీటర్ మీద 1,32,000. మొదట్లో వెన్నలా నడిచింది. ఈ ఎండాకాలం నుంచే రెండో గేరులోంచి మూడుకి పోయేటప్పుడు ఇంజిన్ ఉత్తినే గొంతు పెంచుతోంది, బండి మాత్రం ముందుకు దూకదు. పోయిన ఆదివారం తాడేపల్లి నుంచి బెజవాడ వస్తుంటే సరిగ్గా కనకదుర్గ వారధి మధ్యలో డాష్‌బోర్డు మీద పళ్లచక్రం బొమ్మ వెలిగింది. అంతే, ఒకే గేరులో బిగుసుకుపోయింది. వెనక లారీవాడి హారన్, పక్కన మా ఆవిడ మౌనం. దేనికి ఎక్కువ భయపడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేదు.

షోరూంవాళ్లు ఒక్క బోల్టు విప్పకుండా, కొత్త గేర్‌బాక్స్ అసెంబ్లీ, కూలీతో కలిపి 7.4 లక్షలని కాగితం చేతిలో పెట్టారు. రిపేరు చెయ్యరట, మార్చడమేనట. బండి మొత్తం అమ్మినా ఇవాళ ఆరు రాదు. ఏం చెయ్యమంటారు?

మాన్యువల్_మల్లన్న
మా మారుతి 800కి నాలుగు గేర్లు. నాలుగూ నా చేతిలోనే ఉన్నాయి. ఇంతకంటే చెప్పేదేం లేదు.

నిర్వాహకుడు
మల్లన్నా, ఇది నీ 800 గురించి నువ్వు పెట్టిన పదిహేడో పోస్టు. తిప్పలుగారూ, కార్ల కంపెనీ పేరు, షోరూం పేరు రాయనందుకు సంతోషం. మిగతావాళ్లు కూడా అలాగే కానివ్వండి. షెడ్డు పేర్లు కూడా వద్దు.

స్కానర్_శైలు
7.4 లక్షల కాగితం మడిచి బీరువాలో పెట్టండి. ఆ కొటేషన్ రోగం చూసి రాసింది కాదు, బండి వయసు చూసి రాసింది.

ముందు మూడు సంగతులు చెప్పండి. కారు ఆపే చోట నేల మీద ఆయిల్ మరకలున్నాయా? బ్యాటరీ ఎప్పుడు మార్చారు? గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారు?

తెల్లకారు_తిప్పలు
మరకలు: అరచేతంత ఒకటుంది, ఏసీ నీళ్లనుకున్నాను. బ్యాటరీ: తెలీదు. ఆయిల్: షోరూంలో అడిగితే "ఇది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చే పనే లేదు" అన్నారు.

రిటైర్డ్_డిపో
ఎవరి లైఫ్‌టైమ్ అని అడగాల్సింది.

ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీ డిపోలో చేశాను. అక్కడ కిలోమీటర్ల లెక్క బోర్డు మీద ఉంటుంది, ఆ అంకె రాగానే బస్సు షెడ్డుకి రావాలి, ఆయిల్ మారాలి. డ్రైవరు "బాగానే ఉంది సార్" అన్నా సరే. జీవితాంతం పనికొచ్చే ఆయిల్ అనే మాట నేను రిటైరయ్యాకే విన్నాను.

స్కానర్_శైలు
డిపోగారు అన్నదే అసలు మాట. తిప్పలుగారూ, మీ కారులో ఉన్నది చాలామటుకు జడ్ఎఫ్ అనే గేర్‌బాక్స్ కంపెనీవాళ్ల ఆరు గేర్ల పెట్టె, 6హెచ్‌పీ. నా బండిలోనూ అదే. 2001లో వచ్చింది, కార్లలో ఆరు గేర్ల ఆటోమేటిక్ అంటే మొదటిది ఇదే. మంచి పెట్టె. తమాషా ఏంటంటే, దాన్ని కొని బండిలో బిగించే కార్ల కంపెనీలు లైఫ్‌టైమ్ అంటాయి, తయారుచేసిన జడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యలో, లేదా ఎనిమిదేళ్లకి ఆయిల్ మార్చమంటుంది. కన్నతల్లి మాట వింటారా, పెళ్లిచూపుల బ్రోకర్ మాట వింటారా మీ ఇష్టం.

మీది 2010. ఎనిమిదేళ్ల లెక్కన ఎప్పుడో దాటిపోయింది.

రింగ్‌రోడ్_రాజు
ఆగండాగండి. ఇంత పాత పెట్టెలో ఆయిల్ మార్చారో, అంతే సంగతులు. మా ఫ్రెండుది ఇలాగే, కొంచెం జారేది. ఎవరో చెప్పారని ఆయిల్ మార్చాడు, నాలుగో రోజుకి రివర్స్ పూర్తిగా పోయింది. పాత ఆయిల్‌లో అరిగిన క్లచ్ పొడి ఉంటుంది, ఆ పట్టుతోనే నడుస్తూ ఉంటుంది. కొత్త ఆయిల్ పోస్తే ఆ పట్టు పోతుంది. కదిలించకుండా అమ్మెయ్యడమే మేలు.

రిటైర్డ్_డిపో
రాజూ, కాటికి కాళ్లు చాచినవాణ్ణి ఆఖరి రోజు ఆస్పత్రికి తీసుకెళ్లి, డాక్టరే చంపాడన్నట్టుంది. జారడం మొదలయ్యాకే కదా మీవాడికి ఆయిల్ గుర్తొచ్చింది?

రింగ్‌రోడ్_రాజు
సార్ మీరు బస్సుల మనిషి, ఇది వేరే లెక్క.

స్కానర్_శైలు
రాజుగారూ, మీ ఫ్రెండు ఏ ఆయిల్ పోయించాడు? ఎలా మార్చారు?

రింగ్‌రోడ్_రాజు
మెషిన్ పెట్టి ప్రెజర్‌తో ఫ్లష్ కొట్టారట. ఆయిల్ ఏదో అడిగి చెప్తా.

రింగ్‌రోడ్_రాజు
అడిగాను. పవర్ స్టీరింగ్‌లో పోసే ఎర్ర ఆయిల్ డబ్బానే. "అన్నీ ఒకటే సార్" అన్నాడట మేస్త్రీ.

మాన్యువల్_మల్లన్న
పెసరట్టు పిండితో జిలేబీ వేసి, పొయ్యిది తప్పన్నాడన్నమాట.

పటాన్‌చెరు_పోరడు
అన్నా ఢిల్లీ బండి అంటున్నవ్ కద, మీటర్ నమ్మకు. ఆడ డీజిల్ బండ్లు పదేండ్లు దాటితే తిరగొద్దని లెక్క వెట్టిన్రు, 2015ల ఎన్జీటీ (పర్యావరణ కేసుల ట్రిబ్యునల్), 2018ల సుప్రీంకోర్టు. గప్పటిసంది గీ పెద్ద పెద్ద బండ్లన్నీ ఎన్వోసీ (వేరే రాష్ట్రంల రిజిస్టర్ చేస్కోనీకి ఇచ్చే కాయితం) వట్టుకొని మన దిక్కే వడ్డయ్. అగ్గువకు దొరుకుతయ్, మస్తు నున్నగ కనవడ్తయ్. మీటర్ తిప్పుడు వాళ్లకు మంచినీళ్లు తాగినంత అల్కగ. జర స్కానర్ వెట్టి సూపియ్యి, కిలోమీటర్లు ఒక్క మీటర్లనే ఉండయ్, బండి వేరే డబ్బాలల్ల గూడ దాసుకుంటది.

తెల్లకారు_తిప్పలు
గుండె జారింది. బ్రోకర్ అయితే "డాక్టర్‌గారి బండి సార్, క్లినిక్‌కీ ఇంటికీ తప్ప తిప్పలేదు" అన్నాడు.

పటాన్‌చెరు_పోరడు
అందరియి డాక్టర్ల బండ్లే అన్నా. ఢిల్లీల పేషెంట్లే లేరు ఇగ.

విశాఖ_విస్సు
నాదొక కేసు. అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ఇదే పళ్లచక్రం బొమ్మ, తోడుగా బ్రేకు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్, క్రిస్మస్ చెట్టులా అన్నీ వెలిగాయి. గేర్‌బాక్స్ పోయిందని షెడ్డులో విప్పడానికి కూడా సిద్ధమయ్యారు. ఒక కుర్రాడు మాత్రం డిక్కీలో బ్యాటరీకి మీటర్ పెట్టి, "అంకుల్, స్టార్ట్ చేసేటప్పుడు తొమ్మిది వోల్టులకి పడిపోతోంది" అన్నాడు. బ్యాటరీ మార్చాం, దీపాలన్నీ ఆరిపోయాయి. మూడేళ్లయింది. వోల్టేజీ పడిపోతే ఈ బండ్లలోని కంప్యూటర్లు ఒకదాని మీద ఒకటి చాడీలు చెప్పుకుంటాయి.

స్కానర్_శైలు
అందుకే బ్యాటరీ అడిగాను. కాకపోతే రివర్స్ లేటుగా పడి దెబ్బ కొట్టడం, మూడో గేరు జారడం బ్యాటరీ పని కాదు. విస్సుగారి బండి జారలేదు కదా?

విశాఖ_విస్సు
జారలేదు. ఉత్త దీపాలు, ఒకే గేరు.

రాజమండ్రి_రోజ్‌మిల్క్
రేడియేటర్ కూడా చూడమనండి. నాది వేరే కంపెనీ, అయిదు గేర్లది. గేర్ ఆయిల్ చల్లబడే గొట్టం రేడియేటర్ లోపల నుంచే పోతుంది కొన్ని బండ్లలో. లోపల చిట్లితే కూలెంటూ, ఆయిలూ కలిసిపోతాయి. నా పెట్టెలోంచి ఆయిల్ తీస్తే అచ్చం మా ఊరి రోజ్‌మిల్క్. చిక్కగా, గులాబీ రంగులో, మీద నురుగు. మేస్త్రీ, నేను, ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. క్లచ్ పలకల మీద కాగితంలాంటి పూత ఉంటుంది, కూలెంట్ తగిలితే అది ఉబ్బి ఊడిపోతుంది. 2 లక్షల 30 వేలు వదిలాయి. అప్పటి నుంచి ఈ పేరు.

మాన్యువల్_మల్లన్న
ఇన్నాళ్లూ తాగే రోజ్‌మిల్క్ అనుకుంటున్నాన్రా బాబూ.

డాలస్_దత్తు
ఇక్కడైతే గేర్‌బాక్స్ ఒక్కటే బాగుచేసే షాపులు ఊరికి నాలుగుంటాయి. మనది ఇచ్చేసి రీబిల్ట్ చేసినది తీసుకోవచ్చు, పాత పెట్టె తిరిగిస్తే డిపాజిట్ వెనక్కి. నాకు 5,200 డాలర్లయింది, బండి ఖరీదు 6,000. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు, ఆవిడ ఈ వేదికలో లేదు కాబట్టి రాస్తున్నా.

డాలస్_దత్తు_గారి_భార్య
ఉన్నాను.

నిర్వాహకుడు
ఇది నిజమైన ఖాతానో, మల్లన్న తమాషానో నేను చూసి చెప్తాను. చర్చ కొనసాగించండి.

షార్జా_సుబ్బడు
పాత పెట్టె కావాలంటే మా షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో కొండల్లా పడుంటాయి. అయితే పెట్టె మీద చిన్న ప్లేటు ఉంటుంది, దాని మీది నంబరు అక్షరం తేడా లేకుండా కలవాలి. పెట్రోల్‌ది డీజిల్‌కి సరిపోదు, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌కి అందించేది) వేరు, గేర్ లెక్క వేరు. లోపలి కంప్యూటర్ కూడా మీ బండికి కోడింగ్ చెయ్యాలి. ఇంతా చేసి వచ్చేది 48 డిగ్రీల ఎండలో పదేళ్లు ఉడికిన పెట్టే, దాని ఆయిల్ కూడా ఎవడూ మార్చి ఉండడు. మీ దరిద్రం ఇచ్చి మావాడి దరిద్రం తెచ్చుకోవడమే. నేనైతే ముందు నాదే విప్పి చూసుకుంటాను.

సుధాకర్_టీచరు
ఒక మనవి. పెట్టె ఎలా ఉన్నా, బండి ఆగిపోతే తాడు కట్టి లాగించకండి. మాది వెనక చక్రాలు తిరిగే బండి. శ్రీశైలం నుంచి వస్తూ అడవిలో ఆగిపోయింది. రాత్రి తొమ్మిదికి మన్ననూరు గేటు మూసేస్తారు, అప్పటికే ఎనిమిదిన్నర, పిల్లలు ఏడుపు. ఒక బొలెరో ఆయన జాలిపడి తాడు కట్టి లాగారు, న్యూట్రల్‌లోనే ఉంది కదా అనుకున్నాం. కల్వకుర్తి చేరేసరికి కింద నుంచి పొగ. ఇంజిన్ ఆగి ఉంటే లోపలి ఆయిల్ పంపు తిరగదట, చక్రాలతో పాటు షాఫ్టు తిరుగుతుంటే చుక్క ఆయిల్ లేకుండా అరిగిందట. అంతకుముందు పోయింది డీజిల్ పంపు మాత్రమే, గేర్‌బాక్స్ బంగారంలా ఉండేది. పాపం బొలెరో ఆయన డబ్బులు కూడా తీసుకోలేదు.

రిటైర్డ్_డిపో
మాస్టారూ, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. బండిని ఎత్తి పైన పెట్టుకుని పోయే ఫ్లాట్‌బెడ్ మాత్రమే పిలవాలి. లేదంటే వెనక చక్రాలు నేల మీద ఉండకూడదు.

తెల్లకారు_తిప్పలు
స్కానర్ పెట్టించాను. పోరడు తమ్ముడూ, నీ నోటికి పంచదార పొయ్యాలో, ఇంకేం పొయ్యాలో తెలీట్లేదు. మీటర్ మీద ఇప్పుడు 1,51,000. ఇంకో డబ్బాలో 2,11,000. అంటే కొన్నప్పుడే 1,92,000 దగ్గర ఉందన్నమాట.

బ్యాటరీ బాగుంది. తప్పుల జాబితాలో మూడో గేరు నిష్పత్తి తేడా, అయిదో గేరు నిష్పత్తి తేడా (అంటే ఆ గేర్లు జారుతున్నాయని) అని వచ్చాయి. రివర్స్ గురించి ఏమీ రాలేదు.

స్కానర్_శైలు
ఆహా, మూడు, అయిదు! ఇప్పుడు ముడి విడుతోంది. కొంచెం ఓపిగ్గా చదవండి.

ఈ పెట్టె లోపల అయిదు పట్టీలుంటాయి: ఏ, బి, ఇ అని మూడు క్లచ్‌లు, సి, డి అని రెండు బ్రేకులు. ఏ గేరులోనైనా రెండే పట్టుకుంటాయి. ఒకటికి ఏ, డి. రెండుకి ఏ, సి. మూడుకి ఏ, బి. నాలుగుకి ఏ, ఇ. అయిదుకి బి, ఇ. ఆరుకి సి, ఇ. రివర్స్‌కి బి, డి.

మీ బండి ఏడుస్తున్నది మూడులో, అయిదులో, రివర్స్‌లో. మూడింటిలోనూ ఉన్న అక్షరమేది?

మాన్యువల్_మల్లన్న
బి. నాకు బహుమతి ఏంటి?

స్కానర్_శైలు
ఇంకో 800.

బి సరిగ్గా పట్టట్లేదు. ఎందుకు పట్టట్లేదన్నది రెండు రకాలు. పలకలు మాడిపోయి ఉండొచ్చు, అప్పుడు పెట్టె విప్పాల్సిందే. లేదా దానికి వెళ్లే ఆయిల్ ఒత్తిడి చాలకపోవచ్చు. మీ గేటు దగ్గర అరచేతి మరక ఉంది కాబట్టి నా ఓటు రెండోదానికి.

ఆ పెట్టెకి పక్కన కరెంటు తీగల సాకెట్ దూరే చోట అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, చుట్టూ రబ్బరు రింగులతో. వేడికి ఆ రింగులు రాయిలా గట్టిపడి ఆయిల్ చుక్కచుక్కగా కారుతుంది. లోపల మెకట్రానిక్‌కీ (గేర్లు మార్చే కంప్యూటర్, వాల్వులు కలిసిన దిమ్మ), పెట్టెకీ మధ్య ఇంకో రబ్బరు సీలుంటుంది, అందరూ బ్రిడ్జి సీల్ అంటారు. అదీ, దాని పక్కన నాలుగు చిన్న రబ్బరు గొట్టాలూ కుంచించుకుపోతే ఒత్తిడి దారిలోనే కారిపోతుంది. అన్నీ కలిపి పార్టుల ఖర్చు షోరూం కొటేషన్‌లో జీఎస్టీ అంత కూడా ఉండదు. వీటికి గేర్‌బాక్స్ దించక్కర్లేదు, కింద ఆయిల్ పళ్లెం విప్పితే చాలు.

రింగ్‌రోడ్_రాజు
అంటే ఆయిల్ మారుస్తారు. నేను చెప్పేది చెప్పాను.

స్కానర్_శైలు
చెప్పారు. మెషిన్ ఫ్లష్ వద్దనే వరకైతే మీతో ఏకీభవిస్తాను. పళ్లెం విప్పి వచ్చినంత రానిచ్చి, అంతే మేర కొత్తది. పవర్ స్టీరింగ్ డబ్బా మాత్రం వద్దు.

ఒంగోలు_ఓబులు
నా గోల కూడా వినండి. 70, 80 స్పీడులో బండి వణికేది, రోడ్డు మీద గీతల స్పీడ్‌బ్రేకర్లు వరసగా దాటుతున్నట్టు. చక్రాల బ్యాలెన్సింగ్ అన్నారు, చేయించాను. టైర్లన్నారు, నాలుగు కొత్తవి, 84 వేలు. ఇంజిన్ మౌంటింగులన్నారు, అవీ వేయించాను. ఆఖరికి ఒకాయన పక్కన కూర్చుని "యాక్సిలరేటర్ ఒక్కసారి వదలండి" అన్నాడు. వదిలితే వణుకు మాయం. టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ అది. ఇప్పుడు నా దగ్గర కొత్త టైర్లున్నాయి, కొత్త మౌంటింగులున్నాయి, కన్వర్టర్‌కి డబ్బుల్లేవు.

తెల్లకారు_తిప్పలు
ఓబులన్నా, నీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. మన పరిస్థితి మేలే అంది. థాంక్స్.

ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ దొరికాడు. ఇంతకుముందు ఇలాంటి పెట్టెలు చేశాడట, పాత పళ్లాలు గోడకి వేలాడదీసి ఉన్నాయి పటాల్లాగా. పార్టులు తెప్పిస్తున్నాం.

స్కానర్_శైలు
పళ్లెం ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ దాంట్లోనే అతుక్కుని ఉంటుంది, కాబట్టి మొత్తం కొత్తదే. "కడిగి వేసేద్దాం" అంటే ఒప్పుకోకండి. బోల్టుల బిగింపు పది న్యూటన్‌మీటర్లే, చేతి బలం చూపిస్తే పళ్లెం పగులుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఆయిల్ ఎంత పొయ్యాలన్నది. దీనికి చూసుకునే గేజ్ పుల్ల ఉండదు. ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, లెవర్ ప్రతి గేరులోనూ కొన్ని సెకన్లు ఉంచి పార్కింగ్‌లోకి తేవాలి, పక్క మరలోంచి పొయ్యాలి, సన్నగా ధార కట్టి బయటికి వచ్చినప్పుడు మూసెయ్యాలి. ఇదంతా పెట్టెలో ఆయిల్ 30, 50 డిగ్రీల మధ్యలో ఉండగానే. వేడెక్కాక చూస్తే ఆయిల్ ఉబ్బి, తక్కువున్నా నిండుగా కనబడుతుంది.

రిటైర్డ్_డిపో
అమ్మా, బెజవాడలో మే నెల. నీడలోనే 44. ముప్పై డిగ్రీల ఆయిల్ ఎక్కడి నుంచి తెస్తారు?

స్కానర్_శైలు
అది నిజమే బాబాయ్, నేను కూకట్‌పల్లిలో జనవరిలో చేయించాను. ఈ ముక్క తట్టలేదు.

మాన్యువల్_మల్లన్న
బండి చుట్టూ తాటిముంజలు పేర్చండి.

తెల్లకారు_తిప్పలు
డిపోగారూ, మీ పోస్టు వల్ల బతికిపోయాం. ఏం జరిగిందో వివరంగా రాస్తాను.

మొదటిరోజు మధ్యాహ్నం పళ్లెం విప్పాం. వచ్చిన ఆయిల్ మేస్త్రీ సీసాల్లో కొలిచాడు, మూడు లీటర్ల చిల్లర. ఆయన లెక్కలో అయిదారు రావాలి. రంగు చూస్తే మా ఇంట్లో రెండోసారి కాచిన కాఫీ డికాషన్. వాసన మాత్రం మాడు వాసన కాదు, అది మంచి లక్షణమన్నాడు. పళ్లెంలో అయస్కాంతాల మీద బూడిదరంగు ముద్ద, వేలితో తీస్తే కాటుకలా అంటుకుంది. వేళ్ల మధ్య నలిపి చూపించాడు, "లోహపు పలుకు తగల్లేదు సార్, రజను మాత్రమే. పలుకు తగిలితే మీకు ఫోన్ చేసి కూర్చోమని చెప్పేవాణ్ణి".

సాకెట్ దగ్గరి ప్లాస్టిక్ గొట్టం బయటికి లాగితే రింగులు రబ్బరు కాదు, గాజుల్లా ఉన్నాయి. ఒకటి చేతిలోనే విరిగింది. బ్రిడ్జి సీల్ కొత్తదాని పక్కన పెడితే పాతది అంచుల్లో నలిగి అణిగిపోయి ఉంది. మళ్లీ ఫిటింగ్ అయ్యేసరికి సాయంత్రం అయిదు. ఆయిల్ పొయ్యబోతే స్కానర్‌లో పెట్టె వేడి ఇంజిన్ వెయ్యకుండానే 43. ఇంజిన్ వేసి గేర్లన్నీ తిప్పేలోపు 50 దాటిపోతుంది. మేస్త్రీ అక్కడికి ఆపేశాడు. రాత్రి బండి అక్కడే వదిలేసి, తెల్లారి నాలుగున్నరకి నన్ను రమ్మన్నాడు.

వెళ్తే షెడ్డులో టీ కొట్టు కూడా తెరవలేదు. పెట్టె 33 చూపిస్తోంది. ఆయన కింద పడుకుని పంపు కొడుతుంటే నేను సీట్లో కూర్చుని "ముప్పై ఆరు... ముప్పై ఎనిమిది..." అని అరుస్తున్నా, ఇద్దరం రాకెట్ పంపిస్తున్నట్టు. 40 దగ్గర ధార కట్టింది, మర బిగించేశాడు. పాత అలవాట్లు చెరిపేసి కొత్తగా నేర్చుకునేలా స్కానర్‌తో ఏదో చేశాడు, దాన్నే అడాప్టేషన్ రీసెట్ అంటారట.

ఖర్చు: పళ్లెం 15,500. ఆయిల్ ఏడు లీటర్లు 14,700. సీళ్లు, గొట్టాలు అన్నీ 6,200. కూలీ 11,000. మొత్తం 47,400. టీలు వేరే.

రివర్స్ వెయ్యగానే పడుతోంది. దెబ్బ లేదు.

రింగ్‌రోడ్_రాజు
నాలుగు రోజులాగి చెప్పండి.

పటాన్‌చెరు_పోరడు
రాజన్నా నీ నోట్ల ముల్లు.

తెల్లకారు_తిప్పలు
ఇవాళ్టికి పన్నెండో రోజు. రాజుగారి కోసం నిజం నిజంగా రాస్తున్నాను. రివర్స్ బాగుంది. రెండు నుంచి మూడు బాగుంది. నాలుగు నుంచి అయిదుకి, గుంటూరు రోడ్డులో గంటసేపు నడిపి బాగా వేడెక్కాక, ఇంజిన్ వేగం చూపించే టాకోమీటర్ ముల్లు ఒక రెండు వందలు పైకి లేచి దిగుతోంది. తెలియనివాళ్లకి తెలియదు. నాకు తెలుస్తోంది.

స్కానర్_శైలు
బి పలకలు కొంచెం దెబ్బతిన్నాయి. అంత తక్కువ ఆయిల్‌తో మూడు నెలలు తిప్పారు కదా. పరుగు పెట్టించకుండా ఒక వెయ్యి కిలోమీటర్లు తిప్పండి, కొంత దానంతటదే సర్దుకోవచ్చు. అయిదారు వేల తర్వాత ఇంకోసారి ఆయిల్ మార్చితే లోపల మిగిలిన పాతది కూడా పలచబడుతుంది. ఆ తర్వాతా పెరుగుతుంటే పెట్టె దించడమే, అప్పటికి డబ్బు కూడబెట్టుకోండి.

రింగ్‌రోడ్_రాజు
నేను అమ్మెయ్యమన్నప్పుడే అమ్మితే 47 వేలు మిగిలేవి.

విశాఖ_విస్సు
రివర్స్ పడని బండి ఎవడు కొంటాడు రాజుగారూ, మీరు కొంటారా?

రింగ్‌రోడ్_రాజు
నాకు ఆల్రెడీ ఒకటుంది. అసలు విషయం అదే. మా ఫ్రెండు, మా ఫ్రెండు అన్నది నా బండే. శైలుగారూ, ఆ ఎర్ర ఆయిల్ ఇప్పుడు తీసేస్తే ఏమైనా లాభం ఉంటుందా?

మాన్యువల్_మల్లన్న
ఈ పేజీ ఫ్రేము కట్టించుకుంటా.

స్కానర్_శైలు
ముందు దీపం కింద పళ్లెం విప్పి అయస్కాంతం చూడండి రాజుగారూ. పలుకు తగిలితే ఫోటో పెట్టండి, కొత్త చర్చ తెరుద్దాం.

తెల్లకారు_తిప్పలు
రాజుగారూ, ఆటోనగర్ మేస్త్రీ నంబరు మీకు విడిగా పంపాను. తెల్లారి నాలుగున్నరకి లేవగలిగితేనే వెళ్లండి.

ఇవాళ పొద్దున్న గేటులోంచి బండి తీస్తుంటే ఎదురింటి పెద్దాయన పేపర్ లోంచి తలెత్తి "ఏమయ్యా, చప్పుడు రాలేదు, బండి మార్చావా?" అన్నారు. రివర్స్ వేశాక నేనింకా నాలుగు వరకు లెక్కపెడుతూనే ఉన్నాను, ఈలోపు బండి రోడ్డు మీదికి వచ్చేసింది.

కొత్త_సభ్యుడు_చిన్నా
నాకు కూడా సేమ్ ప్రాబ్లం సార్, షోరూంలో లైఫ్‌టైమ్ ఆయిల్ అన్నారు. ఏం చెయ్యాలి?

నిర్వాహకుడు
చిన్నా, పైకి వెళ్లి మొదటి నుంచి చదువు. డాలస్ ఖాతా నిజమైనదే, చూశాను. దత్తుగారు వారం నుంచి లాగిన్ అవ్వలేదు.